సర్వీసులో ఉన్న సైనికుడు డిగ్రీ చదవాలంటే: ప్రవేశ పరీక్ష ఎక్కడ అక్కర్లేదు, ఎక్కడ తప్పదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి సైన్యంలో చేరే యువకుల్లో చాలామంది పదో తరగతో, ఇంటర్మీడియట్టో పూర్తికాగానే వెళ్లిపోతారు. కొన్నేళ్లు గడిచాక, పదోన్నతి గురించో పదవీ విరమణ తరువాతి ఉద్యోగం గురించో ఆలోచన వచ్చినప్పుడు డిగ్రీ లేని లోటు తెలుస్తుంది. సెలవుకు ఇంటికి వచ్చి నలుగురినీ అడిగితే, ‘మిలట్రీ వాళ్లకి ఎంట్రన్సు లేదట గదా’ అనే సమాధానం దొరుకుతుంది. ఈ మాట పూర్తిగా అబద్ధం కాదు, అయితే దీన్ని నమ్ముకొని దరఖాస్తు చేసినవారు తరచుగా ఒక విద్యాసంవత్సరం నష్టపోతారు. ఎందుకంటే ఇందులో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది, ప్రవేశ పరీక్షే లేని కోర్సులో చేరడం. రెండవది, సేవాకాలాన్ని చదువుకు సమానంగా గుర్తించడం. మూడవది, పరీక్ష రాసినవారికి సీట్ల కేటాయింపులో రిజర్వేషన్ ఇవ్వడం. దరఖాస్తు పెట్టే ముందు తనకు కావలసింది ఈ మూడింటిలో ఏదో తేల్చుకున్నవారికి మిగతా పని సులువవుతుంది.

పరీక్ష లేని దారి

1985లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే అందరూ ఇగ్నో అనేది, సర్వీసులో ఉన్నవారికి అన్నింటికంటే అనువైనది. బి.ఏ., బి.కాం. వంటి సాధారణ డిగ్రీలకు అక్కడ ప్రవేశ పరీక్ష లేదు. ఇంటర్మీడియట్ లేదా దానికి సమానమైన చదువు ఉత్తీర్ణులైతే చాలు, వయోపరిమితి కూడా లేదు. గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఈ వెసులుబాటు సైనికులకు ప్రత్యేకంగా ఇచ్చింది కాదు, అందరికీ ఉన్నదే. కాబట్టి ‘సైనిక కోటాలో పరీక్ష లేకుండా సీటు ఇప్పిస్తాం’ అని ఎవరైనా డబ్బు అడిగితే, ఉచితంగా ఉన్న తలుపు తీయడానికి సొమ్ము అడుగుతున్నారని అర్థం చేసుకోవాలి.

సైనికులకు ప్రత్యేకంగా ఉన్నది వేరొకటి. ఇగ్నో ఆర్మీ, నేవీ వంటి దళాలతో ఒప్పందాలు చేసుకొని వాటికి విడిగా గుర్తింపు పొందిన ప్రాంతీయ కేంద్రాలను ఏర్పాటు చేసింది. ఆన్‌లైన్ దరఖాస్తులో ప్రాంతీయ కేంద్రాన్ని ఎంచుకునే చోట పొరపాటు జరగకుండా చూసుకోవాలి. మన రెండు జిల్లాలవారు సాధారణంగా విశాఖపట్నం ప్రాంతీయ కేంద్రం కిందికి వస్తారు. సర్వీసు ఇంకా ఎక్కువ కాలం ఉన్న జవాను తన దళానికి చెందిన ప్రాంతీయ కేంద్రాన్ని ఎంచుకోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడి సిబ్బందికి బదిలీలూ ఫీల్డు పోస్టింగులూ కొత్త విషయాలు కావు. ఏడాది రెండేళ్లలో పదవీ విరమణ చేసి టెక్కలికో బొబ్బిలికో తిరిగి వచ్చేవారు మాత్రం మొదటి నుంచే విశాఖపట్నం కేంద్రాన్ని పెట్టుకుంటే, తరువాత మార్పు కోసం అర్జీలు పెట్టుకునే పని తప్పుతుంది.

ఇగ్నోలో ఏడాదికి రెండుసార్లు, జనవరి, జూలై విడతల్లో ప్రవేశాలు జరుగుతాయి. టర్మ్ ముగింపు పరీక్షలు జూన్, డిసెంబరు నెలల్లో ఉంటాయి. ఎక్కువ కోర్సుల్లో ఇంటి దగ్గర రాసి సమర్పించే అసైన్‌మెంట్లకు 30 శాతం, ముగింపు పరీక్షకు 70 శాతం విలువ ఉంటుంది. ప్రవేశ పరీక్ష లేదు కదా అని తేలిగ్గా తీసుకునేవారు దెబ్బతినేది ఈ అసైన్‌మెంట్ల దగ్గరే. సరిహద్దు పోస్టులో ఉండి పరీక్షకు వెళ్లలేకపోతే ఆ పేపరును తరువాతి విడతలో మళ్లీ ఫీజు కట్టి రాసుకోవచ్చు. మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్ల వరకు గడువు ఉంటుంది. పరీక్ష ఫారం నింపేటప్పుడు, అప్పటికి ఎక్కడ ఉంటారో ఆ ఊరికి దగ్గరి పరీక్షా కేంద్రాన్ని ఎంచుకోవచ్చు. జూన్‌లో సెలవు ఖాయమైతే ఇంటికి దగ్గరి కేంద్రాన్నీ, కాకపోతే యూనిట్ ఉన్న చోటునూ పెట్టుకోవాలి. పుస్తకాలు పోస్టులో తెప్పించుకోవడం కంటే డిజిటల్ ప్రతులు ఎంచుకోవడం జవాన్లకు అన్ని విధాలా మంచిది. వాటిని ఎంచుకున్నవారికి కోర్సు ఫీజులో 15 శాతం తగ్గింపు కూడా ఉంది.

రాష్ట్రంలోని మామూలు డిగ్రీ కళాశాలల్లోనూ బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. ప్రవేశాలకు పరీక్ష లేదు. ఓఏఎండీసీ అనే ఆన్‌లైన్ విధానంలో ఇంటర్ మార్కుల ఆధారంగానే సీట్లు ఇస్తారు. కాని అది తరగతులకు రోజూ హాజరయ్యే చదువు. సర్వీసులో ఉన్న జవానుకు అది సాధ్యపడదు. కళాశాలలో పేరు నమోదు చేయించి హాజరు సంగతి ‘చూసుకుంటాం’ అనేవారి మాట వినకూడదు. ఆ రోజుల్లో జవాను డ్యూటీలో ఉన్నట్టు సైన్యం రికార్డుల్లోనే ఉంటుంది. రెండు కాగితాలూ ఒక బల్ల మీదికి వచ్చిన రోజున డిగ్రీతో పాటు ఉద్యోగానికీ చిక్కు వస్తుంది.

దూరవిద్య అందించే రాష్ట్ర విశ్వవిద్యాలయాలు సాధారణంగా తమ భౌగోళిక పరిధికి లోబడి పనిచేస్తాయి. ఇగ్నో పరిధి దేశమంతా. లేహ్‌లో ఒక ఏడాది, జోర్‌హాట్‌లో ఒక ఏడాది ఉండే మనిషికి ఈ తేడా చాలా పెద్దది. ఇంకొక జాగ్రత్త ఉంది. శ్రీకాకుళం సమీపంలోని ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం రెండూ వేర్వేరు సంస్థలు. ఒకదాని ప్రకటన చూసి రెండవదాని కార్యాలయానికి వెళ్లినవారు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు.

ఇంటర్ లేనివారి సంగతి

ప్రవేశ పరీక్ష లేకపోవడమంటే అర్హత అక్కర్లేకపోవడం కాదు. పదో తరగతితో సైన్యంలో చేరినవారు ముందు ఇంటర్ స్థాయి పూర్తి చేయాలి. జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యాసంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, నిర్వహించే సీనియర్ సెకండరీ కోర్సు ఇందుకు సరిపోతుంది. అందులో చేరడానికి కూడా పరీక్ష లేదు. అయిదు సబ్జెక్టులను అయిదేళ్ల వ్యవధిలో, తొమ్మిది అవకాశాల్లో, వీలైనప్పుడు ఒకటీ రెండూ చొప్పున పూర్తి చేసుకోవచ్చు. ఈ మెట్టు ఎక్కకుండా నేరుగా డిగ్రీ ఇస్తామనే ప్రైవేటు కేంద్రాల కాగితం, రేపు ఏ ఉద్యోగ నియామకంలోనో ధ్రువపత్రాల పరిశీలన దగ్గర ఆగిపోతుంది. మూడేళ్ల డిగ్రీని ఒక్క సిట్టింగులో ఇస్తామనే ప్రకటనల గురించి వేరే చెప్పనక్కర్లేదు.

అగ్నివీరులకు

యువకులను నాలుగేళ్ల సర్వీసుకు అగ్నివీరులుగా తీసుకునే అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్ 14న ప్రకటించిన మరునాడే కేంద్ర విద్యాశాఖ అగ్నివీరుల కోసం మూడేళ్ల నైపుణ్యాధారిత డిగ్రీని ప్రకటించింది. దాన్ని రూపొందించి నిర్వహించే బాధ్యత ఇగ్నోది. ఇందులో డిగ్రీకి కావలసిన క్రెడిట్లలో (చదువును లెక్కగట్టే పాయింట్లలో) సగం, అగ్నివీరుడు సర్వీసులో పొందే శిక్షణ నుంచే లెక్కకు వస్తాయి. మిగతా సగం భాష, చరిత్ర, అర్థశాస్త్రం, పర్యావరణం వంటి పాఠ్యాంశాల నుంచి రావాలి. మొదటి ఏడాది పాఠాలు పూర్తిచేసి ఆపేస్తే సర్టిఫికెట్, రెండవ ఏడాది వరకు చదివితే డిప్లొమా, మొత్తం పూర్తిచేస్తే డిగ్రీ లభిస్తాయి. ప్రవేశ పరీక్ష లేదు, కాని చేరేనాటికి ఇంటర్ లేదా సమానార్హత ఉండాలి. పదో తరగతితో చేరిన అగ్నివీరులకు పన్నెండో తరగతి ధ్రువపత్రం ఇచ్చేందుకు ఎన్‌ఐఓఎస్ ప్రత్యేక కార్యక్రమాన్ని కూడా అదే నెలలో ప్రకటించారు.

ఈ డిగ్రీని మన జిల్లాల అగ్నివీరులు ఎందుకు వదులుకోకూడదో కాస్త వివరంగా చెప్పాలి. పాత పద్ధతిలో చేరిన జవాను పదిహేనేళ్లు పూర్తిచేస్తే గ్రాడ్యుయేషన్ తత్సమాన ధ్రువపత్రం వస్తుంది, మాజీ సైనికుడి హోదా ఉంటుంది. నాలుగేళ్ల తరువాత బయటికి వచ్చే 75 శాతం అగ్నివీరులకు ఆ పదిహేనేళ్లూ ఉండవు, పథకం నిబంధనల ప్రకారం మాజీ సైనికుడి హోదా కూడా ఉండదు. తండ్రికీ అన్నకూ పనికొచ్చిన కాగితం తమ్ముడికి పనికిరాదన్నమాట. నాలుగేళ్ల సర్వీసులో మొదటి ఆరు నెలలు శిక్షణలోనే గడిచిపోతాయి కాబట్టి, శిక్షణ ముగిసి యూనిట్‌లో చేరిన వెంటనే ఎడ్యుకేషన్ సిబ్బందిని కలిసి నమోదు చేయించుకుంటేనే మూడేళ్ల చదువు గడువులో ఇమిడుతుంది. ‘తరువాత చూద్దాం’ అనుకున్నవారికి సర్వీసు ముగిశాక ఇచ్చే సేవానిధి సొమ్ము చేతికి వస్తుంది గాని డిగ్రీ రాదు.

గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్‌తో చేయగలిగిందీ, చేయలేనిదీ

పదిహేనేళ్లకు తక్కువ కాని సర్వీసు ఉన్న మెట్రిక్యులేట్ (పదో తరగతి ఉత్తీర్ణులైన) మాజీ సైనికులను, డిగ్రీ అర్హతగా ఉన్న గ్రూప్ సి ఉద్యోగాలకు అర్హులుగా పరిగణించవచ్చని కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ 1986 ఫిబ్రవరి 12న ఉత్తర్వు ఇచ్చింది. సాంకేతిక లేదా వృత్తిపరమైన అనుభవం తప్పనిసరి కాని ఉద్యోగాలకే ఇది వర్తిస్తుంది. బ్యాంకు క్లర్కు నియామకాల్లోనూ, పదిహేనేళ్ల సర్వీసు తరువాత ఇండియన్ ఆర్మీ స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్ లేదా నేవీ, ఎయిర్‌ఫోర్సుల్లో దానికి సరిపడే ధ్రువపత్రం ఉన్న మెట్రిక్యులేట్ మాజీ సైనికులను అనుమతిస్తున్నారు. ఆ మేరకు ఈ కాగితం విలువైనదే. దీన్ని చేతిలో పెట్టుకొని ఎం.ఏ.లోనో ఎం.బి.ఏ.లోనో చేరవచ్చని అనుకోవడం పొరపాటు. ఇది ఉద్యోగార్హతకు ఇచ్చిన సడలింపు. విశ్వవిద్యాలయం ఇచ్చిన పట్టా కాదు. పీజీ ప్రవేశానికి విశ్వవిద్యాలయం అడిగేది పట్టానే.

సేవాకాలపు శిక్షణను నిజమైన పట్టాగా మార్చే దారి కూడా ఒకటుంది. మనకు దగ్గరలోనే ఉన్న ఆంధ్రా విశ్వవిద్యాలయం రక్షణ దళాలతో ఒప్పందాల మీద మానవ వనరుల నిర్వహణలో బి.ఏ. డిగ్రీని సైనికులకు అందిస్తోంది. దీనికి ఎవరు అర్హులో, దరఖాస్తు ఎప్పుడు పంపాలో యూనిట్ ద్వారా, రికార్డు ఆఫీసు ద్వారా తెలుసుకోవాలి. డిశ్చార్జి ఉత్తర్వు వచ్చేదాకా ఆగకుండా, పదవీ విరమణకు ఏడాది ముందే క్లర్కును అడిగి వివరాలు తీసుకోవడం ఉత్తమం. విశాఖపట్నం వెళ్లి విశ్వవిద్యాలయం గేటు దగ్గర విచారించడం వల్ల సాధారణంగా తేలేది ఏమీ ఉండదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. అమెరికాలో ఉన్న బంధువుల ద్వారా విన్న ‘యాక్టివ్ డ్యూటీ మినహాయింపు’ మన దగ్గర కూడా ఉందని అనుకునేవారున్నారు. టెక్సాస్ రాష్ట్రంలో ప్రభుత్వ కళాశాలల్లో చేరే విద్యార్థులకు చదవడం, రాయడం, గణితాల్లో కళాశాల స్థాయి సంసిద్ధతను పరీక్షించే టెక్సాస్ సక్సెస్ ఇనీషియేటివ్ అనే విధానం ఉంది. చేరడానికి ముందు కనీసం మూడేళ్లుగా అమెరికా సాయుధ దళాల్లో, టెక్సాస్ నేషనల్ గార్డులో, లేదా రిజర్వు దళంలో క్రియాశీల సేవలో ఉన్నవారికీ, 1990 ఆగస్టు 1న గాని ఆ తరువాత గాని గౌరవప్రదంగా సేవ నుంచి విడుదలైనవారికీ ఆ పరీక్ష నుంచి మినహాయింపు ఉంటుంది. అక్కడ కూడా అది సంసిద్ధత పరీక్షకే పరిమితం. హైస్కూలు అర్హతకూ, ఆయా కళాశాలల ప్రవేశ నిబంధనలకూ సంబంధం లేదు. భారత సైన్యంలో చేసిన సేవ దానికి లెక్కకు రాదు, మన విశ్వవిద్యాలయాల్లో దానికి సరిపోలే నిబంధనా లేదు.

పరీక్ష తప్పనిచోట్లు

ఇంజినీరింగు, ఫార్మసీలకు ఏపీ ఈఏపీసెట్, ఎం.బి.ఏ., ఎం.సి.ఏ.లకు ఐసెట్, న్యాయవిద్యకు లాసెట్, బి.ఇడి.కి ఎడ్‌సెట్, వైద్యవిద్యకు నీట్ ఉన్నాయి. సర్వీసులో ఉన్నంత మాత్రాన వీటిలో దేనినుంచీ మినహాయింపు లేదు. ముఖ్యంగా ఎల్‌ఎల్‌బీ మీద ఆసక్తి ఉన్న జవాన్లు ఎక్కువ. దూరవిద్యలో చదివిన న్యాయశాస్త్ర డిగ్రీతో న్యాయవాదిగా నమోదు కావడం కుదరదు కాబట్టి, అది పదవీ విరమణ తరువాత పెట్టుకోవలసిన పని. విజయనగరంలో 2019లో ఏర్పడిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో చేరాలంటే కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష అయిన సీయూఈటీ రాయాలి. ఇగ్నోలోనూ బి.ఇడి. వంటి కొన్నింటికి ప్రవేశ పరీక్ష ఉంది.

పిల్లల విషయంలో ఉన్నది రిజర్వేషన్. ఏపీ ఈఏపీసెట్ ప్రవేశాల్లో సాయుధ దళాల సిబ్బంది పిల్లలకు క్యాప్ కేటగిరీ కింద 2 శాతం సీట్లు కేటాయిస్తారు. పరీక్ష రాసి అర్హత సాధించినవారికే ఇది వర్తిస్తుంది. దరఖాస్తులో ఆ గడి టిక్కు పెట్టడంతో పని పూర్తికాదు. ప్రత్యేక కేటగిరీల అసలు పత్రాల పరిశీలనకు విజయవాడ వెళ్లవలసి వస్తుంది కనుక, ప్రకటన వెలువడిన రోజే తేదీ చూసి రైలు టికెట్టు తీసుకోవాలి. వైద్య సీట్లలో కేంద్ర కోటా కింద రక్షణ సిబ్బంది పిల్లలకు ఇచ్చే ప్రాధాన్యక్రమంలో యుద్ధంలో మరణించినవారి కుటుంబాలు మొదట ఉంటాయి, మాజీ సైనికుల పిల్లలు ఆరవ స్థానంలో, సర్వీసులో ఉన్నవారి పిల్లలు ఎనిమిదవ స్థానంలో వస్తారు. ఈ వరుస తెలియక ఆశ పెంచుకునే తల్లిదండ్రులను చూస్తుంటాం. 1962 నుంచి నడుస్తున్న కోరుకొండ సైనిక్ స్కూలు విషయంలోనూ అంతే: రక్షణ సిబ్బంది పిల్లలకు కోటా ఉంది, ప్రవేశ పరీక్ష మాత్రం అందరూ రాయాలి.

తండ్రి పోస్టింగుల వెంట తిరిగి కేంద్రీయ విద్యాలయాల్లో చదివిన పిల్లలు ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతంలో స్థానికులుగా లెక్కకు రాకపోవచ్చు. అటువంటివారు నిరాశపడనక్కర్లేదు. రాష్ట్రం వెలుపల ఉద్యోగం చేసిన కాలాన్ని మినహాయించి తల్లిదండ్రుల్లో ఎవరైనా ఒకరు మొత్తం పదేళ్లు రాష్ట్రంలో నివసించి ఉంటే, 15 శాతం అన్‌రిజర్వుడ్ సీట్లకు పోటీపడవచ్చు. దీనికి తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి.

కాగితాలు

నిజంగా శ్రమ ఉన్నది ఇక్కడే. దూరవిద్యలో చేరే ప్రతి విద్యార్థికీ ఇప్పుడు యూజీసీ దూరవిద్యా విభాగం ఇచ్చే డీఈబీ ఐడీ తప్పనిసరి. దానికి ముందు డిజిలాకర్ ద్వారా ఏబీసీ ఐడీ (విద్యార్థి క్రెడిట్లను భద్రపరిచే ఆన్‌లైన్ ఖాతా సంఖ్య) తీసుకోవాలి, దానికి ఆధార్‌తో ముడిపడిన ఫోన్ నంబరు పనిచేస్తూ ఉండాలి. ఊళ్లో ఉన్నప్పుడు తీసుకున్న పాత సిమ్ పోయి, ఓటీపీ ఎక్కడికో వెళ్తుంటే దరఖాస్తు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఆధార్‌లో నంబరు మార్చుకోవలసి ఉంటే, సెలవులో ఉండగానే సచివాలయంలోని ఆధార్ కేంద్రానికి వెళ్లి ఆ పని ముగించుకోవాలి.

తరువాతది పేరు. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది. సైన్యం రికార్డుల్లో అది వెనక్కి పోవడం, పొడి అక్షరంగా మిగలడం, హిందీ మాట్లాడే గుమస్తా చెవికి తోచిన విధంగా స్పెల్లింగు మారడం సర్వసాధారణం. మెమో, ఆధార్, సర్వీసు రికార్డు మూడింటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూడాలి. తేడా ఉంటే పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకొని మిగతావి దానికి అనుగుణంగా మార్చుకోవడం తెలివైన పని. మెమోను మార్పించడం అన్నిటికంటే కష్టం. ముందు ఆధార్ సరిచేసుకోవాలి, సర్వీసు రికార్డులో మార్పు కోసం యూనిట్ ద్వారా అర్జీ పెట్టాలి. రెండవది నెలల తరబడి పడుతుంది.

జిల్లా పేరుతోనూ చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు విజయనగరం జిల్లాలోకి, పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. అంతకుముందు సైన్యంలో చేరినవారి రికార్డుల్లో ఇప్పటికీ శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది. కొత్తగా తీసుకునే కుల, నివాస ధ్రువపత్రాల మీద కొత్త జిల్లా పేరు వస్తుంది. ఊరూ మండలమూ ఒకటే అయినప్పుడు ఇది పెద్ద అడ్డంకి కాదు, కాని అడిగినప్పుడు చూపించడానికి పాత ధ్రువపత్రాన్ని పారేయకుండా దాచుకోవాలి. మాజీ సైనికుల గుర్తింపు కార్డులు, ఆశ్రిత ధ్రువపత్రాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఇస్తుంది. సర్వీసులో ఉన్నవారి పిల్లలకు కావలసిన ధ్రువపత్రం మాత్రం యూనిట్ కమాండింగ్ ఆఫీసరు సంతకంతో రావాలి. సంక్షేమ కార్యాలయం చుట్టూ తిరిగి లాభం లేదు.

ఏ కోర్సులో చేరినా ముందుగా యూనిట్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. అనుమతి లేకుండా చదివిన డిగ్రీని తరువాత రికార్డుల్లోకి ఎక్కించడం కష్టమవుతుంది. డిగ్రీ చేతికి వచ్చాక ఆర్మీలో అయితే దాన్ని సైనికుడి వివరాల్లో మార్పులను నమోదు చేసే పార్ట్ టూ ఆర్డరులో ప్రచురింపజేసుకోవాలి, లేకపోతే డిశ్చార్జి బుక్కులో విద్యార్హత దగ్గర పాత పదో తరగతే మిగులుతుంది. ఫీజు చెల్లించే ముందు ఆ విశ్వవిద్యాలయానికీ, ఆ కోర్సుకూ, ఆ విద్యాసంవత్సరానికీ యూజీసీ దూరవిద్యా విభాగం గుర్తింపు ఉందో లేదో వారి వెబ్‌సైటులోని జాబితాలో స్వయంగా చూసుకోవాలి. ఫీజును విశ్వవిద్యాలయం పోర్టల్‌లో తన ఖాతా నుంచే కట్టి, రసీదు ప్రతిని డిజిలాకర్‌లో ఒకటి, ఇంటి దగ్గర ఒకటి ఉంచుకోవాలి.